జవాబు రాయగలిగే చోట

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు పెద్దవాళ్లను అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఒకటి చేరింది, ఆఫీసు మెయిల్ చూసుకోవడానికి ఏ ఫోన్ తీసుకోవాలి అని. బాన్సువాడలో ఈ మాట చాలామంది నోట విన్నాను. పంచాయతీ కార్యదర్శిగా పోస్టింగ్ వచ్చిన అమ్మాయి అడిగింది. రైస్ మిల్లులో లెక్కలు చూసే గుమాస్తా అడిగాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తూ శుక్రవారం రాత్రి బస్సు దిగే కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు అడుగుతుంటారు. దుకాణంలో దొరికే జవాబు ఎంత ర్యామ్, ఎంత బ్యాటరీ, కెమెరా ఎలా ఉంది అన్న వరసలోనే ఉంటుంది. ఆ లెక్కలూ కావాల్సినవే. అయితే మెయిల్ కోసం ఫోన్ ఎంచుకునేటప్పుడు ఆఫీసు మన వెంట ఎక్కడి దాకా రావచ్చు, ఎన్ని గంటల దాకా ఉండవచ్చు అన్నది కూడా చాలావరకు తేలిపోతుంది. దాని గురించి దుకాణంలో అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

చేతిలో ఫోన్ లేని కాలంలో ఆ హద్దు ఆఫీసు గోడలే. మన వైపు కచేరీల్లో వచ్చిన కాగితాన్ని ఇప్పటికీ తపాల్ అనే అంటారు. నిజాం రాజ్యానికి సొంత తపాలా శాఖ ఉండేది. 1950లో అది భారత తపాలా శాఖలో కలిసిపోయింది గానీ కాగితం నడిచే పద్ధతి పెద్దగా మారలేదు. వచ్చిన కాగితం మీద తేదీ ముద్ర పడేది, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు ఎక్కేది, పై అధికారి చూసి ఏ సెక్షన్‌కో రాస్తే ఆ గుమాస్తా బల్ల మీదికి చేరేది. బల్ల పక్కన బీరువా, బీరువాలో పాత ఫైలు, ఫైలులో పోయినసారి ఇచ్చిన జవాబు నకలు. కాగితం తెరిచే చోటూ, దానికి జవాబు రాసే చోటూ ఒకటే. ఆ పద్ధతిలో ఆలస్యాలున్నాయి, కాగితాలు మాయమవడాలున్నాయి, వాటిని వెనకేసుకురాను. కానీ తెరిచి చూసి, చేయి పెట్టలేక వదిలేసిన ఉత్తరాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్లే అవస్థ ఆ గుమాస్తాకు చాలా తక్కువ.

నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఉత్తరం పంపవచ్చని రే టామ్‌లిన్సన్ 1971లో చేసి చూపించారు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. అప్పటికీ మెయిల్ బల్ల మీద ఉండే వస్తువే. దాన్ని జేబులోకి దించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కెనడా కంపెనీ రీసెర్చ్ ఇన్ మోషన్. 1999లో వాళ్లు తెచ్చిన బ్లాక్‌బెర్రీలో తెర చిన్నది. దాని కింద రెండు బొటనవేళ్లతో కొట్టగలిగే అక్షరాల మీటలు. 2004లో ఎయిర్‌టెల్ దాన్ని ఇండియాకు తెచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఒక సంగతి బాగా పట్టుకున్నారని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఉత్తరం చదివితే పని సగమే అయినట్టు. మిగతా సగం రాయడంలో ఉంది. అందుకే తెరను తగ్గించుకుని మరీ మీటలకు చోటిచ్చారు. 2008లో నోకియా తెచ్చిన ఈ71 కూడా ఆ దారిలోదే. 2007లో వచ్చిన ఐఫోన్ మీటలు తీసేసి మొత్తం తెరే చేసింది, మెల్లగా మిగతావాళ్లందరూ ఆ దారికే వచ్చారు. చూడడం సుఖమైంది, రాయడం కష్టమైంది. బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు సేవలు 2022 జనవరి 4తో ఆగిపోయాయి.

ఆ యంత్రానికి ఇంకో గుణం ఉండేది, ఇప్పుడు అన్ని ఫోన్లకూ వచ్చినది. మనం వెళ్లి చూడక్కర్లేకుండా మెయిలే వచ్చి పిలుస్తుంది. దీని బరువును ముందుగా గుర్తించి ఏదో ఒకటి చేసినవాళ్లలో జర్మనీలోని ఫోక్స్‌వ్యాగన్ కార్మిక ప్రతినిధులున్నారు. 2011లో వాళ్లు యాజమాన్యంతో మాట్లాడి, ఒప్పందం వర్తించే ఉద్యోగులకు షిఫ్టు అయిన అరగంట తర్వాత బ్లాక్‌బెర్రీలకు మెయిల్ వెళ్లడం ఆగిపోయేలా, మర్నాటి షిఫ్టుకు అరగంట ముందు మళ్లీ మొదలయ్యేలా సర్వర్ దగ్గరే ఏర్పాటు చేయించుకున్నారు. చేతిలో ఫోన్ అదే. మారింది వేళ ఒక్కటే.

ఇక మన చేతుల్లో ఉన్న ఫోన్ సంగతికి వద్దాం. రాత్రి ఎనిమిదింటికి అన్నం ముందు కూర్చుంటాం. ఫోన్ మోగుతుంది. జిల్లా ఆఫీసు నుంచి మెయిల్, లేదా మెయిల్ చూడమని వాట్సాప్ గ్రూపులో సందేశం. పైన అత్యంత జరూరు అని ఉంటుంది. జతగా బారెడు కాలమ్‌ల ఎక్సెల్ షీటు. ఫోన్‌లో తెరిస్తే మొదటి రెండు మూడు కాలమ్‌లే కనిపిస్తాయి. నింపాలంటే రిజిస్టర్ కావాలి, అది ఆఫీసు బీరువాలో ఉంది. లేదంటే తెలుగులో కొట్టిన వర్డ్ ఫైలు వస్తుంది. అను ఫాంట్లలో కొట్టినదైతే ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెలుగు కనిపించదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. చదివినట్టా అంటే చదివినట్టే. చేసినట్టా అంటే లేదు. మనిషి కంచం ముందే ఉన్నాడు, ఆలోచన మాత్రం బీరువా దగ్గరికి వెళ్లిపోయింది. పక్కన కూర్చున్న పిల్ల బడిలో జరిగింది ఏదో చెబుతుంది, ఊఁ అంటాడు. పిల్లకు తెలుస్తుంది.

ఈ అవస్థకు ఫోన్ మంచిదా చెడ్డదా అన్నదానితో సంబంధం తక్కువ. ఎంత ఖరీదైన ఫోనైనా బీరువాను ఇంటికి తేలేదు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే. జవాబు రాయగలిగే చోటే ఉత్తరం తెరవాలి. ఏ యంత్రం కొనాలన్నది ఇక్కడి నుంచి మొదలు కావాలి.

మీకు వచ్చే మెయిళ్లను ఒక వారం గమనించండి. నిలబడిన చోటే రెండు వాక్యాల్లో జవాబు ఇవ్వగలిగేవి ఎన్ని? మిల్లు గుమాస్తాకు అలాంటివే ఎక్కువ. లారీ బయలుదేరిందా, ట్రక్ షీటు అందిందా, ఎన్ని బస్తాలు దిగాయి. వాటికి జవాబు అతని నాలుక మీదే ఉంటుంది, ఆలస్యమైతే లారీ ఆగిపోతుంది. అతనికి మంచి ఫోన్ కావాలి, అది చేతికి దగ్గరగా ఉండాలి. కోతల రోజుల్లో ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఇది తెలుసు. తూకమైన వివరాలు ట్యాబ్‌లో ఎక్కితే గాని రైతు ఖాతాలోకి డబ్బు వచ్చే పని కదలదు. కల్లంలో వడ్లు పోసుకుని, మబ్బు పడితే గుండె జారిపోయే మనిషికి అక్కడున్నవాళ్ల చేతిలోని ఆ యంత్రం నిజంగా మేలు చేస్తుంది. చేతిలో ఇమిడే యంత్రాల మీద నాకు కోపం లేదు.

నివేదికలు పంపాల్సిన కార్యదర్శి సంగతి వేరు. ఆమెకు వచ్చే మెయిళ్లలో ఎక్కువ భాగం అంకెలు అడుగుతాయి. పన్ను ఎంత వసూలైంది, ఎన్ని మొక్కలు బతికాయి, ఎన్ని ఇళ్లకు నల్లా ఉంది. ఇవి రిజిస్టర్ ముందు పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని చేసే పనులు. జేబులో మెయిల్ మోగడం వల్ల ఈ పని ముందుకు జరగదు, ఆందోళన మాత్రం ముందే మొదలవుతుంది. ఆమె నన్ను అడిగినప్పుడు, మెయిల్ కోసం కీబోర్డు తగిలించుకోగల ట్యాబ్ గానీ చిన్న ల్యాప్‌టాప్ గానీ తీసుకోమని, అది పంచాయతీ ఆఫీసులో ఉండనివ్వమని, ఫోన్ సాదాదైనా చాలని చెప్పాను. వాట్సాప్ గ్రూపు ఎలాగూ తప్పదు అంది. తప్పదు నిజమే. గ్రూపులో వచ్చినది చూసి 'రేపు పొద్దున పంపిస్తాను సార్' అని ఒక్క వాక్యం రాయడం ఫోన్ చేయగలదు. అదీ జవాబే. అంతకుమించి రాత్రిపూట ఆ ఫోన్ నుంచి ఏమీ ఆశించక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కష్టం ఇంకో రకం. కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిదైతే బాన్సువాడలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. వాళ్ల ఆఫీసు తెరిచే వేళకు మన ఇళ్లలో పక్కలు వేస్తుంటారు. సాయంత్రం ఆరు తర్వాత మెయిల్ చూడకు అని వాళ్లకు చెప్పడంలో అర్థం లేదు, వాళ్ల పనే అప్పుడు మొదలవుతుంది. వాళ్లు గీసుకోవాల్సిన హద్దు గడియారం మీద కాదు, ఊరి మీద. సెలవు పెట్టి ఊరికి వచ్చినప్పుడు ఆఫీసు ఖాతా నిద్రపోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2015 నుంచి, కంపెనీ ఏర్పాటు చేస్తే, ఆఫీసు యాప్‌లన్నీ ఒక పక్క, సొంతవి ఒక పక్క విడిగా ఉంచుకునే సౌకర్యం ఉంది. ఆఫీసు పక్కను ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు. ఫోన్ కొనేముందు ఆ సౌకర్యం గురించి తమ కంపెనీలో కనుక్కోవడం కెమెరా గురించి కనుక్కోవడంకన్నా అవసరం. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కంపెనీ మెయిల్ ఖాతా ఫోన్‌లో కలిపేటప్పుడు అనుమతుల పేజీ ఒకటి వస్తుంది. చాలామంది చదవకుండా ఒప్పుకుంటారు. కొన్ని ఏర్పాట్లలో ఆ ఒప్పుకోలుతో మొత్తం ఫోన్‌ను దూరం నుంచే చెరిపేసే అధికారం కంపెనీకి వెళ్తుంది. పిల్లల ఫొటోలూ, పోయిన తాత గొంతు రికార్డు చేసుకున్నదీ అందులోనే ఉంటాయి. రెండు పక్కలూ విడిగా ఉంటే చెరిగేది ఆఫీసు పక్కే.

మెయిల్ ఎన్నిసార్లు చూడాలి అన్నదానికి ఒక ప్రయోగం ఉంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొస్టాదిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 2015లో దాన్ని ప్రచురించారు. 124 మందిని తీసుకుని, ఒక వారం రోజుకు మూడుసార్లే మెయిల్ చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లయినా చూసుకోమన్నారు. మూడుసార్లు చూసిన వారంలో వాళ్ల ఒత్తిడి తగ్గింది. మూడు అన్న అంకెలో మహత్యం ఉందని నేననుకోను. చూసే వేళ మనం నిర్ణయించుకున్నదైతే చాలు, అప్పుడు జవాబుకు కావాల్సినవి దగ్గర పెట్టుకుని కూర్చుంటాం.

మాది నిజాంసాగర్ ఆయకట్టు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తైన ఆ ప్రాజెక్టు లేకపోతే ఈ వైపు వరి ఇంతగా ఉండేది కాదు. యాసంగిలో నీళ్లు తక్కువున్నప్పుడు కాలువను కొన్నాళ్లు విడిచి, కొన్నాళ్లు ఆపి, తడుల లెక్కన ఇస్తారు. ఎప్పుడూ పారుతూ ఉంటే మేలు కదా అని తెలియనివాళ్లకు అనిపిస్తుంది. అలా పారితే తూము దగ్గరి మడులు నీళ్లు నిండి నిలిచిపోతాయి, చివరి పొలాలకు చుక్క అందదు. మెయిల్‌కూ వంతు ఉండాలని నేననడం అందుకే. అది రోజంతా పారుతుంటే ఎవరు గట్టిగా అడిగితే వాళ్ల పని ముందు నిండుతుంది. నిద్ర, ఇల్లు, చదవాలనుకున్న పుస్తకం, వారం నుంచి ఫోన్ చేయాలనుకుంటున్న మేనత్త, ఇవన్నీ కాలువ చివర ఉంటాయి. వాటికోసం అడిగేవాళ్లు ఉండరు. కాలువ నీళ్లు వదిలి, ఆపే లష్కర్ పని ఇక్కడ మనమే చేసుకోవాలి. ఫోన్‌లో దీనికి అడ్డేమీ లేదు. మెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు పూర్తిగా ఆపవచ్చు, లేదా ముఖ్యమైన వాటికే పరిమితం చేయవచ్చు. ఐఫోన్ మెయిల్‌లోనైతే తెరిచినప్పుడే తెచ్చుకోమని చెప్పవచ్చు.

ఏ కంపెనీ ఫోన్ అన్నది ఒకప్పుడు పెద్ద ప్రశ్నే, ఇప్పుడంత కాదు. హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన ఏడాది, 2014లోనే, నోకియా ఫోన్ల వ్యాపారం ఆ కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే దాదాపు 760 కోట్ల డాలర్ల నష్టం రాసుకున్నారు. ఆ కొనుగోలుకు తాను మొదట్లో సుముఖంగా లేనని నాదెళ్ల తన 2017 నాటి పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో చెప్పారు. అదే 2015లో వాళ్ల ఔట్‌లుక్ యాప్ ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ వచ్చింది. మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు పేరుపడ్డ కంపెనీయే సొంత ఫోన్ మీద పట్టు వదిలి, ఎవరి ఫోన్‌లోనైనా నడిచే దారి చూసుకుందన్నమాట. కాబట్టి మెయిల్ వరకు ఖరీదైనదానికీ మధ్యరకానికీ తేడా కొంచెమే. నేనైతే చూసేవి ఇవి. ఎండలో పొలం గట్టు మీద నిలబడితే తెర మీద అక్షరం కనిపిస్తోందా. నలభై దాటి చత్వారం వచ్చిన కళ్లకు అక్షరం పెద్దది చేస్తే పేజీ చెదిరిపోకుండా ఉందా. తెలుగు కీబోర్డు చేతికి అలవాటయ్యేలా ఉందా. గూగుల్ 2017లో తెలుగు మాటను విని అక్షరాల్లో రాసే సౌకర్యం తెచ్చింది. టైపు రాని పెద్దవాళ్లకు జవాబు రాయడంలో అంతకన్నా పెద్ద సాయం లేదు. ఇంకా, ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో అడగాలి. గూగుల్ పిక్సెల్ 8కీ, శాంసంగ్ ఎస్24కీ ఏడేళ్లని కంపెనీలు మాటిచ్చాయి, చౌక ఫోన్లకు అంత ఉండదు. ఆఫీసు కాగితాలు నడిచే ఫోన్ కాబట్టి ఇది ముఖ్యం.

అయితే ఇంతసేపూ ఎంచుకోగలిగినవాళ్ల గురించే మాట్లాడాను. ఎంచుకునే వీలులేనివాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్ చేతిలో ఏ ఫోన్ ఉండాలో, అందులో ఏ యాప్ నడవాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువూ ఎత్తూ ఎక్కించాలి, ఇచ్చిన ఆహారం ఎక్కించాలి, ఇప్పుడు రేషన్ ఇంటికి తీసుకెళ్లే తల్లి ముఖం కూడా పోల్చాలి. సిగ్నల్ అందకపోతే తల్లి చంకలో పిల్లతో నిలబడే ఉంటుంది. మంచి ఫోన్ కొనుక్కో అని ఆ టీచర్‌కు సలహా చెప్పే హక్కు నాకు లేదు. ఆమె జీతం నాకు తెలుసు. ఆమె విషయంలో సరైన ఫోన్ ఎంచి ఇవ్వాల్సిన బాధ్యత ఇచ్చేవాళ్లది. ఇచ్చేముందు ఒక రోజు ఆ కేంద్రంలో కూర్చుని ఆ పని ఆ ఫోన్‌లో చేసి చూడాలి.

పని వేళ దాటాక ఫోన్ చూడకుండా ఉండే హక్కును కొన్ని దేశాలు చట్టం చేశాయి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అమల్లో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. చట్టం రావాలనే నేను కోరుకుంటాను. అది వచ్చేలోపు పంపేవాళ్లు చేయగలిగింది చాలా ఉంది.

మండలంలో, డివిజన్‌లో, బ్యాంకులో, మిల్లులో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిమందికి మెయిల్ పంపే స్థానంలో ఉన్నవాళ్లను నేను అడిగేది ఇది. ఏం కావాలో, ఏ రోజు ఎన్ని గంటలకు కావాలో విషయం వరసలోనే రాయండి, తెరవకుండానే తెలిసిపోతుంది. ఏ ఫోన్‌లోనైనా కనిపించేలా తెలుగును యూనికోడ్‌లో కొట్టండి. జిల్లా మొత్తం షీటు పంపి మీ ఊరు వెతుక్కోమనకుండా, వాళ్ల వరస ఒక్కటే పంపండి. అన్నిటికీ అత్యంత జరూరు అని పెట్టకండి, నిజంగా జరూరైన రోజున ఆ మాటకు విలువ ఉండాలి. వరదో, అగ్గిప్రమాదమో అయితే మెయిల్ వద్దు, ఫోన్ చేయండి. రాత్రి పదింటికి గుర్తొచ్చిన పని మర్చిపోతామేమోనని భయముంటే అప్పుడే రాసేయండి, పంపే వేళ మాత్రం మర్నాడు పదిన్నరకు పెట్టండి. జీమెయిల్‌లో ఆ సౌకర్యం 2019 ఏప్రిల్ నుంచి ఉంది. కంప్యూటర్‌లో సెండ్ మీట పక్కనున్న బాణం గుర్తు నొక్కితే వస్తుంది, ఫోన్‌లో పైనున్న మూడు చుక్కల వెనక ఉంటుంది.